మెక్‌షేన్ బైబిల్ పఠన పట్టిక: రోజుకు నాలుగు అధ్యాయాలు

స్కాట్లండ్ పాదిరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం వేసిన పట్టిక ఇది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. జనవరి 1న ఆదికాండము, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు, నాలుగింటిలోనూ మొదటి అధ్యాయమే. నాలుగూ ఆరంభాలే కావడం ముచ్చటైన ఎంపిక.

బైబిల్‌ను మొదటి నుంచి వరుసగా చదివేవాళ్లలో చాలామంది, బలుల నియమాలతో నిండిన లేవీయకాండము దగ్గర ఆగిపోతారు. ఇక్కడ అదే రోజు వేరే మూడు భాగాలూ ఉంటాయి కాబట్టి బండి కదులుతుంది. లోపమూ అక్కడే: నాలుగు కథలు తలలో కలగాపులగం అవుతాయి. పట్టికలోని నాలుగు వరుసల్లో రెండు ఈ ఏడాది, మిగతా రెండు వచ్చే ఏడాది చదివితే మేలు. తప్పిన రోజుల బాకీ తీర్చబోకండి, ఆ తేదీ అధ్యాయాలకే వెళ్లండి.

ఇక చదివిన దాంట్లో ఆ రోజుకు దారి వెతకడం. ఒక్క వచనం తుంచుకుంటే పొరపాటే. మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 అందరికీ ఇష్టమే గానీ, దానికి ముందు వచనంలో బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది. అధ్యాయమంతా చదివి, చేయాల్సిన పని ఒక్కటి రాసుకోండి. పట్టికలో దానికి చోటు లేదు, నోటుపుస్తకం మీరే పెట్టుకోవాలి.