సచేత్, దామిని, తనంతట వచ్చే మెసేజ్: ఇంటికి ఏ వాతావరణ హెచ్చరిక మేలు?

అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే వాట్సాప్ గ్రూపులు మోత మోగుతాయి. వచ్చే మ్యాపుల్లో కొన్ని నిరుటివి, కొన్ని ఏ రాష్ట్రానివో కూడా తెలియదు. ప్రభుత్వం ఇచ్చే హెచ్చరికే నేరుగా మన ఫోన్‌కి రావడానికి మూడు నాలుగు దారులున్నాయి. అన్నీ ఒకే పని చేయవు.

మనం ఏమీ నమోదు చేసుకోకుండానే వచ్చేది సెల్ బ్రాడ్‌కాస్ట్. 2023లో దేశంలో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా సైరన్‌లా మోగి, ఇది పరీక్ష మాత్రమే అని మెసేజ్ చూపించాయి, గుర్తుందా? అదే. దీనికి మన నంబరుతో పని లేదు. ఒక ప్రాంతంలోని టవర్ల కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళ్తుంది. చుట్టపు చూపుగా ఊరెళ్లినా అక్కడి హెచ్చరికే వస్తుంది. మనం చేయాల్సింది సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని వెతికి, అది ఆన్‌లో ఉందో లేదో చూడటమే. ఆ మోతకి భయపడి ఆపేసినవాళ్లు చాలామందే ఉంటారు. కాకపోతే ఇది ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మోగేది. రేపు మిర్చి కల్లంలో ఆరబోయాలా వద్దా అన్నది చెప్పదు.

దానికి సచేత్ యాప్ కావాలి. ఇది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల సంస్థలు ఇచ్చే హెచ్చరికలన్నీ ఒకేచోట చూపిస్తుంది. వాన, తుపాను, వడగాలి, వరద అన్నీ ఇందులోనే. తెలుగులోనూ వాడుకోవచ్చు. నాకు దీంట్లో బాగా నచ్చింది, మనం ఉన్నచోటే కాక వేరే జిల్లాని కూడా ఎంచుకునే వీలు. ఇబ్బంది ఏంటంటే, వానాకాలంలో ఎల్లో అలర్ట్‌లు వరసగా వచ్చి విసుగు పుట్టిస్తాయి. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే కదలమని. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఎల్లో వచ్చిన ప్రతిసారీ టెన్షన్ పడక్కర్లేదు. వాన లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ.

పిడుగుల సంగతి వేరు. పొలం పనులు, గొర్రెల మేపు ఉన్న ఇంట్లో సచేత్ ఉన్నా దామిని కూడా పెట్టుకోవాల్సిందే అంటాను. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన యాప్ ఇది. మనకు 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల ముప్పు ఉంటే చెబుతుంది. జిల్లా మొత్తానికి ఇచ్చే హెచ్చరిక కంటే చేలో ఉన్న మనిషికి ఇదే ఉపయోగం. లొకేషన్, ఇంటర్నెట్ రెండూ ఆన్‌లో ఉండాలి, అదొక్కటే చిక్కు. సిగ్నల్ లేని చేలో పాత లెక్కే దిక్కు: మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చెట్టు కిందికి కాదు.

వాతావరణ శాఖ మౌసమ్ యాప్ కూడా ఉంది. రేపటి ఎండ, వాన చూసుకోవడానికి బాగుంటుంది. హెచ్చరిక కోసమే అయితే సచేత్ చాలు.

కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్లకి ఈ యాప్‌ల మాట అనవసరం. ప్రాంతాన్ని బట్టి ప్రభుత్వం పంపే ఎస్ఎంఎస్ తెలుగులోనే వస్తుంది. ఇన్‌బాక్స్ నిండిపోకుండా చూస్తే చాలు. ఆంధ్రలో అయితే విపత్తుల సంస్థ కంట్రోల్ రూమ్ 1070 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు మాత్రం ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. టవర్ పోయాక ఏ యాప్ అయినా ఒకటే. అక్కడ బ్యాటరీ రేడియోకే నా ఓటు.

అందరికీ ఒకటే చెప్పమంటే, ఇంట్లో ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్, ఒక్కరి ఫోన్‌లో సచేత్. ఆ ఒక్కరి ఫోన్‌లో బ్యాటరీ సేవర్ సచేత్‌ని నిద్రపుచ్చకుండా, బ్యాటరీ సెట్టింగ్‌లో దానికి అడ్డు తీసేయాలి. చాలా ఫోన్లలో నోటిఫికేషన్ రాకపోవడానికి కారణం అదే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్న ఊళ్లో ఉన్నవాళ్లు సచేత్‌లో తాముండే నగరంతో పాటు ఆ జిల్లాని కూడా ఎంచుకోండి. రెడ్ పడగానే ఇక్కణ్నుంచే ఫోన్ చేసి చెప్పొచ్చు.