మడిమడికీ చంద్రుడు: ఒబసుతెలో మా అమ్మ, నేను

జపాన్‌లో మేం దిగిన హోటల్‌వాళ్లు చంద్రుడు కనిపించే గది అని చెప్పి మా దగ్గర 4,400 యెన్‌లు ఎక్కువ తీసుకున్నారు. రెండు పూటల భోజనంతో కలిపి ఇద్దరికీ 38,400. కర్టెన్ తీస్తే ఎదురుగా పక్క భవనం గోడ. కౌంటర్‌లో ఉన్నతన్ని అడిగితే, చంద్రుడు కనపడటం వాతావరణాన్ని బట్టి ఉంటుందని ఫోన్‌లో తర్జుమా చేసి చూపించాడు. బయట మబ్బు తునక లేదు, పైగా పౌర్ణమి! డబ్బు వెనక్కి ఇవ్వలేదు. అమ్మ "పోన్లేరా" అంది గానీ నాకు అన్నం సహించలేదు.

నేను నగానో దాకా వెళ్లిందే జపాన్ చిత్రకారుడు హిరోషిగె 1853లో వేసిన ఒక చెక్క అచ్చు బొమ్మ కోసం. కొండవాలున మెట్లు మెట్లుగా వరి మడులు, మడి మడిలో ఒక చంద్రుడు. దాన్ని అక్కడ 'తగొతో నో త్సుకి' అంటారు, అంటే మడిమడికీ చంద్రుడు. ఇలాంటి బొమ్మల్లో చంద్రుడికి చాలాసార్లు రంగే ఉండదు. చుట్టూ నీలం అద్ది, అక్కడ కాగితాన్ని వదిలేస్తారు. అందుకే ఆ తెలుపు అంతగా వెలుగుతుంది. ముందురోజు మాత్సుమోతో ఊళ్లో ఉకియోయె మ్యూజియంకి, అంటే ఇలాంటి అచ్చు బొమ్మల మ్యూజియంకి వెళ్లాం. నాకు కావలసిన బొమ్మ ఆ రోజు పెట్టలేదు. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయని బొమ్మల్ని మారుస్తుంటారు, కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి.

గదిలో కూర్చోబుద్ధి కాక టాక్సీ పిలిపించాను. ఆ మడులున్న ఒబసుతె కొండకి 3,400 యెన్‌లు. పెంచిన పెద్దమ్మను ఈ కొండ మీద వదిలేసి వచ్చినవాడు, వెన్నెల చూసి మనసు విరిగి మళ్లీ తెచ్చుకున్నాడనే కథ దారిలో చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

దిగగానే కప్పల అరుపులు. "ఊడ్పులు అయినట్టున్నాయిరా" అంది. కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి, నీటి వాసనకే చెప్పేసింది. నేను మాత్రం నిలబడి వెతుకుతున్నాను: సుమారు 1,500 మడులున్న చోట ఒక్క చంద్రుడే కనిపిస్తున్నాడు! మోసపోయాననే అనుకున్నాను.

"నిలబడితే ఒక్కడే ఉంటాడు, నడువు" అంది అమ్మ.

నడిచాం. చంద్రుడు ఈ మడిలోంచి గట్టు దాటి ఆ మడిలోకి, అందులోంచి కింది మడిలోకి మాతోపాటే వచ్చాడు. నడిచేవాడికి ఒకదాని తర్వాత ఒకటిగా దొరికే చంద్రుళ్లందరినీ హిరోషిగె ఒకే కాగితం మీద పెట్టాడన్నమాట. మోకాళ్ల నొప్పని పొద్దున్నంతా విసుక్కున్న అమ్మ, ఆ రాత్రి గంటన్నర నడిచింది.

చంద్రుణ్ని చూడటానికి శరదృతువే మంచిదని అందరూ చెబుతారు. నా మాట వినండి, మే ఆఖరునో జూన్ మొదట్లోనో వెళ్లండి. శరత్తుకి పైరు పండిపోతుంది, మడుల్లో నీళ్లుండవు. గదికి అదనంగా పైసా కట్టకండి. ఒబసుతె స్టేషన్‌లో లోయ వైపు తిప్పి వేసిన బెంచీలున్నాయి, కూర్చుంటే డబ్బులడిగేవాళ్లు లేరు. టార్చి పట్టుకెళ్లండి. గట్లు రైతులవి, తొక్కకండి. దారి మీంచే కావలసినంత కనిపిస్తుంది.