ఆర్పీజీల్లో వంతుల పోరా, యాక్షన్ పోరా? ఏళ్ల తరబడి రెండూ ఆడాక నా తీర్పు

ఆర్పీజీ (ఒక పాత్రను పెంచుకుంటూ కథలో ముందుకు సాగే రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్) కొనబోయే స్నేహితులు నన్ను మొదట అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "పోరాటం ఎలా ఉంటుంది? టర్న్ బేస్డా, యాక్షనా?" టర్న్ బేస్డ్ అంటే మనమూ, శత్రువూ వంతులవారీగా కదిలే పోరు. యాక్షన్ అంటే ఆగకుండా సాగుతూ, బటన్లు నొక్కే వేగం కోరే పోరు. కథ బాగుందా, ప్రపంచం పెద్దదా అన్నవి ఆ తర్వాతే వస్తాయి. అలా అడగడం సబబే. అరవై, డెబ్భై గంటలు సాగే ఆటలో కథ ఎంత గొప్పదైనా, మన చేతులు ఎక్కువసేపు చేసే పని కొట్లాటే. అది నచ్చకపోతే కథ చివరిదాకా చేరలేం.

నా తీర్పు ముందే చెబుతాను. పాత్రను తీర్చిదిద్దుకోవడం కోసం, జట్టును నడపడం కోసం ఆర్పీజీ ఆడేవారికి వంతుల పోరును మించింది లేదు. యాక్షన్ పోరు మీద అయిష్టంతో ఈ మాట అనడం లేదు. ఎల్డెన్ రింగ్‌ను నేను ఎంతో ఇష్టంగా ఆడాను. అయితే ఓడిపోయినప్పుడు ఈ రెండు రకాల ఆటలూ మనకు చెప్పే సంగతులు వేరు. టర్న్ బేస్డ్ ఆట మన ఆలోచన ఎక్కడ బెడిసిందో చూపిస్తుంది. యాక్షన్ ఆట మన వేలు ఎప్పుడు ఆలస్యమైందో చూపిస్తుంది. నేను పెంచి పెద్ద చేసిన పాత్ర గెలవాలన్నా, ఓడాలన్నా దాని బలాబలాల వల్లే జరగాలని కోరుకుంటాను. నా బొటనవేలి వేగం అందులో చిన్న వాటా మాత్రమే కావాలి.

వంతుల పద్ధతికి నేను చూసిన అత్యంత చక్కని రూపం ఫైనల్ ఫాంటసీ 10. 2001లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. నేను కంప్యూటర్ మీద దాని హెచ్‌డీ రీమాస్టర్ ఆడాను, ఇప్పటికీ అప్పుడప్పుడూ తెరుస్తుంటాను. తెర కుడివైపు పైన ఒక జాబితా ఉంటుంది. ఇప్పుడు ఎవరి వంతు, తర్వాత ఎవరిది, శత్రువు ఎప్పుడు కొడతాడు అన్నీ వరుసగా కనిపిస్తాయి. మనం ఎంచుకునే పనిని బట్టి ఆ వరుస అప్పటికప్పుడే మారుతుంది. మందు వాడితే మనవాడి తర్వాతి వంతు త్వరగా వస్తుంది. బరువైన పని చేస్తే వెనక్కి జరుగుతుంది. హేస్ట్ మంత్రంతో మనవాళ్లను ముందుకు తెచ్చుకోవచ్చు, స్లో మంత్రంతో శత్రువును వెనక్కి నెట్టవచ్చు. పోరు నడుస్తుండగానే, వంతు పోగొట్టుకోకుండా జట్టులో మనుషులను మార్చుకోవచ్చు కూడా. ఎగిరే వాటికి వాకా బంతి, గట్టి పెంకు ఉన్న వాటికి ఆరన్ కత్తి, చిక్కకుండా తిరిగే తోడేళ్లకు టీడస్, కత్తి దిగని జిగురు ముద్దలకు లూలూ మంత్రాలు. ఏడుగురిలో ఎవరినీ పక్కన కూర్చోబెట్టి మరిచిపోలేం.

ఈ ఆట ఇంకా పూర్తి చేయనివారు ఈ ఒక్క పేరా దాటేయండి. శిథిల నగరం జానార్కాండ్‌లో యునలెస్కా అనే బాస్ (మామూలువారికన్నా చాలా బలమైన శత్రువు) ఉంది. రెండో రూపంలో ఆమె హెల్‌బైటర్ అనే దెబ్బతో మనవాళ్లను జాంబీలుగా మారుస్తుంది. జాంబీ అయినవారికి వైద్యమంత్రమే విషం. ఆమె ఆ మంత్రాన్నే మన మీద వేసి చంపుతుంది. అందుకే ఎవరైనా వెంటనే హోలీ వాటర్ అనే మందు వాడి అందరినీ మామూలు స్థితికి తెచ్చుకుంటారు. మూడో రూపం రాగానే మెగా డెత్ ప్రయోగిస్తుంది. జాంబీ కానివారు ఆ క్షణంలోనే చస్తారు. అప్పటిదాకా వదిలించుకోవాలని తాపత్రయపడిన శాపమే మనకు కవచమన్నమాట. ఇక అక్కడి నుంచి ప్రతి వంతూ ఒక తర్జనభర్జనే. ఎవరిని జాంబీగా ఉంచాలి, ఎవరిని నయం చేసి మందు తాగించాలి, ఆమె తర్వాతి దెబ్బ ఏదై ఉంటుంది? జాబితా చూస్తూ, లెక్క వేస్తూ, ఒక్కో అడుగూ కదుపుతాం. ఇదే చిక్కుముడిని యాక్షన్ పోరులో పెడితే, ఏం జరిగిందో అర్థమయ్యేలోపే పోరు ముగిసిపోతుంది.

అదే ఆటల వరుసలో 2023లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 16 పూర్తిగా యాక్షన్ ఆట. ఈ వరుస ఒక్కసారిగా అటు దూకలేదు. 1991లో నాలుగో ఆటలోనే హిరోయుకి ఇతో కాలం ఆగకుండా నడిచే ఏటీబీ (యాక్టివ్ టైమ్ బ్యాటిల్) పద్ధతి తెచ్చాడు. అక్కడ మనం ఆలోచిస్తుంటే శత్రువు ఊరికే కూర్చోడు. అలా మెల్లమెల్లగా జరుగుతూ పదహారో ఆటకు వచ్చేసరికి, క్యాప్‌కామ్‌లో డెవిల్ మే క్రై 5 అనే యాక్షన్ ఆటకు పనిచేసిన ర్యోటా సుజుకి పోరాటాల దర్శకుడయ్యాడు. ఆ పనితనం ప్రతి దెబ్బలోనూ తెలుస్తుంది. కథానాయకుడు క్లైవ్ కత్తి తిప్పుతుంటే కళ్లు తిప్పుకోలేం. బటన్లు వేగంగా నొక్కలేనివారి కోసం, చివరి క్షణంలో పాత్ర తనంతట తానే తప్పుకునేలా చేసే ఉంగరాలు కూడా పెట్టారు. ఆ శ్రద్ధకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ నిప్పు, మంచు, పిడుగు అంటూ ఇన్ని శక్తులిచ్చి, ఏ శత్రువుకు ఏది పడదు అన్న లెక్కే తీసేశారు. నిప్పుతో కొట్టినా, మంచుతో కొట్టినా తేడా కంటికే, దెబ్బకు లేదు. శత్రువును బలహీనపరిచే మత్తు, విషం, నిద్ర లాంటివీ లేవు. సగం ఆట దాటేసరికి నా చేతులు ఒకే వరుసలో బటన్లు నొక్కడానికి అలవాటుపడ్డాయి. కొత్త శత్రువు ఎదురైనా కొత్త ఆలోచన అవసరం రాలేదు. ఇది ఆ ఒక్క ఆట లోపమే తప్ప యాక్షన్ పోరులో తప్పనిసరిగా ఉండేది కాదని నాకు తెలుసు.

ఎందుకంటే ఎల్డెన్ రింగ్ ఉంది. 2022లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ఈ ఆటలో స్టామినా (ఓపిక) గీత కబడ్డీలో కూత లాంటిది. అది ఉన్నంతసేపే లోపలికి వెళ్లి కొట్టాలి, అయిపోయేలోపు వెనక్కి రావాలి. ఇంకొక్క దెబ్బ అని ఆశపడ్డవాడు అక్కడే పట్టుబడతాడు. స్టార్మ్‌వీల్ కోటకు వెళ్లే దారిలో అడ్డుపడే మార్గిట్ ఈ పాఠం అందరికీ నేర్పే గురువు. కర్ర పైకెత్తి అలాగే ఆగుతాడు. ఆ ఆగడం మన తొందరను బయటికి లాగడానికే. మనం దెబ్బ తప్పించుకోవాలని కంగారుపడి దొర్లిన తర్వాతే, తీరిగ్గా కర్ర దించుతాడు. భుజం కదలికను చూడటం మానేసి కర్ర కిందికి రావడం మొదలైన క్షణాన్నే చూడటం అలవాటయ్యాక, అదే దెబ్బ పక్కనుంచి గాలిలా పోతుంది. ఆ క్షణపు సంతోషాన్ని ఏ వంతుల ఆటా ఇవ్వలేదు. ఇందులో ఆర్పీజీ లేదనేవారితో నేను ఏకీభవించను. విగర్ (ప్రాణబలం) పెంచుకుంటే ఇంకో రెండు దెబ్బలు తట్టుకుంటాం, మన తోడుగా పోరాడే ఆత్మలైన స్పిరిట్ యాషెస్‌ను పిలుచుకుంటే శత్రువు దృష్టి మళ్లుతుంది. బరువైన కవచం వేస్తే దొర్లడం మందగిస్తుంది. కాకపోతే ఎంత స్థాయి పెరిగినా, మన తరఫున దొర్లిపెట్టే పాత్ర లేదు.

దీర్ఘకాలం వాడినవారికే తెలిసే ఇబ్బందులు ఇక్కడ రెండున్నాయి. మొదటిది, ఎల్డెన్ రింగ్‌ను మామూలుగా ఆపలేం. మెనూ తెరిచినా శత్రువు కొడుతూనే ఉంటాడు. ఇంట్లో నలుగురి మధ్య ఉండేవారికి ఇది చిన్న సంగతి కాదు. బాస్ సగం ప్రాణంతో ఉన్నప్పుడే తలుపు గంట మోగుతుంది, అన్నానికి పిలుపు వస్తుంది. వంతుల ఆటలో కంట్రోలర్ కింద పెట్టి వెళ్లి, భోంచేసి వస్తే, శత్రువు మన వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. రెండోది కంప్యూటర్. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములకు (తెర మీద మారే బొమ్మలకు) పరిమితం. మధ్యస్థాయి ల్యాప్‌టాప్ మీద రద్దీ పోరులో ఆ 60 కూడా నిలవదు. తెర ఒక్క క్షణం తడబడితే నొక్కిన బటన్ పనికిరాకుండా పోతుంది. మన దగ్గర ఆటల కోసమే ఖరీదైన యంత్రం కొనగలిగేవారు తక్కువ. చదువుకో, ఉద్యోగానికో కొన్న ల్యాప్‌టాప్ మీదే ఎక్కువమంది ఆడతారు. వంతుల ఆటలో ఫ్రేములు పడిపోతే బొమ్మ అందం తగ్గుతుంది, అంతే. తీసుకున్న నిర్ణయం చెక్కుచెదరదు.

ఇంకొక లాభం నాకు బాల్డర్స్ గేట్ 3 వల్ల తెలిసింది. బల్ల మీద ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు నియమాల ఆధారంగా బెల్జియం సంస్థ లేరియన్ 2023లో తెచ్చిన ఆట ఇది. భూగర్భంలో అడమంటైన్ కొలిమి దగ్గర గ్రిమ్ అనే లోహపు రాక్షసుడు ఉంటాడు. లావా వదిలితే వాడి ఒళ్లు ఎర్రగా కాలుతుంది, అప్పుడే దెబ్బలు పారతాయి. ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనకోడలు పక్కన కూర్చుని చూస్తోంది. తను ఎన్నడూ కంట్రోలర్ పట్టలేదు. నేను ఎక్కడికక్కడ కత్తులతో గీకుతుంటే కాసేపు చూసి, "మావయ్యా, చివరిగా ఎవరు కొడితే వాళ్ల వెంటే పడుతున్నాడు కదా. మధ్యలో అంత పెద్ద సుత్తి ఉంది. దాని కిందికి నడిపించకూడదా?" అంది. విలుకత్తెను అవతలి గట్టుకు పంపి బాణం వేయించాం. వాడు అటు బయలుదేరి సరిగ్గా సుత్తి కిందికి వచ్చాడు. మీట దగ్గర నిలబెట్టిన మనిషితో సుత్తి దించాం. అంతదాకా కరగని ప్రాణం ఒక్క దెబ్బకు భారీగా పడిపోయింది. తను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. యాక్షన్ పోరులో పక్కనున్నవారు ప్రేక్షకులుగానే మిగులుతారు. "అటు చూడు" అనేలోపు ఆ క్షణం దాటిపోతుంది. ఇక్కడ పక్కవారి బుర్ర కూడా జట్టులో చేరుతుంది.

వంతుల పోరులో నన్ను విసిగించేవి లేకపోలేదు. బాల్డర్స్ గేట్ 3 మూడో అంకంలో, నగరంలో జరిగే పెద్ద పోరాటాల్లో శత్రువులు, వారి తోడు, మన తోడు అందరి వంతులూ అయ్యేసరికి ఓపిక నశిస్తుంది. తొంభై శాతం తగులుతుందని చూపించిన దెబ్బ వరుసగా రెండుసార్లు తప్పితే, అది లెక్క ప్రకారం న్యాయమే అని తెలిసినా మనసు ఒప్పుకోదు. పైగా ఎవరు ముందు కదలాలో తేల్చే పాచికకు బల్ల మీది ఆటలో ఇరవై ముఖాలు, ఇక్కడ నాలుగే. దాంతో డెక్స్‌టెరిటీ (చురుకుదనం) ఎక్కువ ఉన్నవారికి అవసరానికి మించిన మేలు జరుగుతుంది. ఫైనల్ ఫాంటసీ 10లోనూ నాలుగడుగులు వేస్తే ఒక పోరు ఊడిపడుతుంది. ఎలా గెలవాలో ఎప్పుడో తెలిసిపోయిన శత్రువును మళ్లీ మళ్లీ అదే క్రమంలో చంపడం పాత వంతుల ఆటలన్నిటికీ పట్టిన జబ్బు.

ఈ జబ్బుకు మందుగా వచ్చినవాటిలో మూడింటి గురించి చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియే సంస్థ సాండ్‌ఫాల్ తెచ్చిన క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33లో మన వంతులో తీరిగ్గా ఆలోచిస్తాం. శత్రువు వంతులో మాత్రం సరైన క్షణంలో బటన్ నొక్కి తప్పుకోవాలి లేదా ప్యారీ చేయాలి, అంటే దెబ్బను అడ్డుకోవాలి. ప్యారీ కుదిరితే దెబ్బ తగలదు, మన శక్తి పెరుగుతుంది, అన్ని దెబ్బలనూ ప్యారీ చేస్తే ఎదురుదెబ్బ కూడా పడుతుంది. శత్రువు వంతులో ఊరికే కూర్చునే బాధ తీరిపోయింది. అందుకు ఈ ఆటను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ప్యారీ చేతికొచ్చినవారికి వైద్యం, రక్షణ, జట్టు కూర్పు ఏవీ అంతగా అక్కర్లేదు. చేతికి రానివారికి కష్టమైన స్థాయిల్లో ఎంత మంచి కూర్పు ఉన్నా నిలవడం గగనం. పిక్టోలు, లూమినాలు అనే అదనపు శక్తులు కలిపి అద్భుతమైన పొత్తులు తయారుచేసుకునే వీలున్నా, ఆట నడిమి భాగంలో నా గెలుపోటములు ఎక్కువగా వేళ్ల మీదే ఆధారపడ్డాయి. ల్యాప్‌టాప్ తడబాటు బాధ కూడా తిరిగొచ్చింది. ఫైనల్ ఫాంటసీ 10లో యునలెస్కా పెట్టిన చిక్కుముడి లాంటిది ఇందులో నాకు దొరకలేదు.

2020 నాటి ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ ఈ కలయికను మరోవైపు నుంచి తెచ్చింది. కత్తితో కొడుతూ ఏటీబీ గీత నింపుకుంటాం, నిండాక మెనూ తెరిస్తే కాలం దాదాపు ఆగిపోతుంది, మంత్రమో మందో తీరిగ్గా ఎంచుకుంటాం. శత్రువు బలహీనత తెలిసి కొడితే వాడు కుప్పకూలే స్టాగర్ పద్ధతి వల్ల పదహారో ఆటలో లేని నిప్పు, మంచుల లెక్క ఇక్కడ బతికింది. యాక్షన్ వైపు మొగ్గేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

నా చేతికి ఎక్కువగా అలవాటైనది మాత్రం ఔల్‌క్యాట్ 2021లో తెచ్చిన పాత్‌ఫైండర్: రాత్ ఆఫ్ ది రైచస్. ఇది యాక్షన్ ఆట కాదు. కాలం నడుస్తుంటే జట్టు తనంతట తాను కొడుతుంది, కావాలన్నప్పుడు ఆపుకుని ఆదేశాలివ్వవచ్చు. ఒక్క బటన్‌తో అదే పోరు వంతుల్లోకి మారిపోతుంది. ఈ వీలు ఆటగాళ్లు అడిగి తెచ్చుకున్నది. పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2కు విడుదలైన మరుసటి ఏడాది, 2019లో, వంతుల పద్ధతి జోడించారు. ఔల్‌క్యాట్ కూడా తన మొదటి ఆట కింగ్‌మేకర్‌కు తర్వాతే జోడించింది. చిన్నాచితకా రాక్షసుల గుంపు ఎదురైతే కాలాన్ని నడవనిస్తాను, అర నిమిషంలో తేలిపోతుంది. బాస్ గదిలో అడుగుపెట్టగానే వంతులకు మారుస్తాను. కాలం నడుస్తున్నప్పుడు నా మాంత్రికుడి నిప్పుబంతి మనవాళ్లనే కాల్చే ప్రమాదం ఉంటుంది. వంతుల్లో ఆ మంట ఎక్కడిదాకా పాకుతుందో గీత గీసినట్టు కనిపిస్తుంది, ఒకరిని రెండడుగులు పక్కకు జరిపి వేయవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారు తేలికైన స్థాయి ఎంచుకోండి. మామూలు స్థాయి కూడా ఈ ఆటలో కఠినమే.