కాంక్రీటు వంటగట్టు, మూడేళ్ళు దాటాక: తగాదా అంతా పైపూతతోనే

కాంక్రీటు మీద నాకు కోపం లేదని ముందే చెప్పేస్తాను. కోపమంతా దాని మీద పూసే పూత మీదే.

గుంటూరులో మా ఇంటి వంటగదికి గ్రానైటు వద్దనుకుని కాంక్రీటు గట్టు పోయించి మూడేళ్ళు దాటింది. మాది పులుపు లేని పూట ఉండని ఇల్లు. సంక్రాంతి ముందు చింతకాయ, ఎండాకాలంలో ఆవకాయ, ఏడాది పొడుగునా గోంగూర, రోజూ చారు. ఇంకో ఇంట్లో ఈ గట్టు ఎలా ఉండేదో నాకు తెలియదు కానీ, మా ఇంట్లో ఎలా ఉందో మాత్రం వివరంగా చెప్పగలను.

సెంట్రింగ్ ఎలా కొట్టాలి, కంకర ఎంత కలపాలి అన్నది ఇక్కడ రాయను. శ్లాబులు పోసే మేస్త్రీ ఎవరైనా అవి చెబుతారు. బరువు లెక్క ఒక్కటి మాత్రం చాలామంది భయపడి అడుగుతుంటారు కాబట్టి చెబుతాను. మా గట్టు పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. దానికి సిమెంటు ఒక్క బస్తా కూడా పూర్తిగా పట్టదు. మొత్తం బరువు 220 కిలోల పైచిలుకు. అదే కొలతకు 20 మిల్లీమీటర్ల గ్రానైటు వేస్తే సుమారు 100 కిలోలు. రెట్టింపు కదా అనిపిస్తుంది. కానీ మన దగ్గర గ్రానైటును ఉత్తినే గోడల మీద పెట్టం, కింద కడప రాయో చిన్న శ్లాబో ఉంటుంది. అదీ కలుపుకుంటే బరువులో పెద్ద తేడా ఉండదు. మా గట్టు కింద ఇటుక గోడలే ఉన్నాయి, మూడేళ్ళలో ఎక్కడా కుంగలేదు.

ఈ ఆలోచన వచ్చింది డల్లాస్‌లో ఉండే మా అక్క వాళ్ళింట్లో. వాళ్ళది బూడిద రంగు కాంక్రీటు గట్టు, ఒక్క మచ్చ లేదు. ఎలా ఉంచుకున్నావే అక్కా అని అడిగితే నవ్వింది. అసలు వంటంతా గ్యారేజీలో పెట్టుకున్న రెండో స్టవ్వు మీద జరుగుతుందని, ఇంట్లో గట్టు మీద కాఫీ కప్పులు తప్ప ఏమీ ఉండవని నాకు ఆ తర్వాత అర్థమైంది. అక్కడ ఇళ్ళలో పోపు వాసన పట్టేస్తుందని చాలామంది తెలుగువాళ్ళు చేసే ఏర్పాటే అది. మనకు ఆ సౌకర్యం లేదు.

పోయించిన కొత్తలో నేను ఎంత మురిసిపోయానో చెప్పాలి. పదడుగులకూ అతుకు అన్నది లేదు. గోడ వైపు రెండంగుళాల అంచును గట్టుతో పాటే పోశారు, నీళ్ళు వెనక్కి జారి గోడలోకి ఇంకే బాధ తప్పింది. సింకు పక్కన గిన్నెలు బోర్లించే చోట సన్నటి గాళ్ళు తీసి, సింకు వైపు కాస్త వాలు ఇచ్చారు. ఈ పని గ్రానైటులో చేయించాలంటే మిషను మీద చెక్కించాలి, ఇక్కడ పోతలోనే అయిపోయింది. రాతి పాలిషు కుర్రాళ్ళు వచ్చి వజ్రం ప్యాడ్లతో గరుకైన 50 నంబరు నుంచి మొదలుపెట్టి నున్నటి 800 దాకా రుద్దితే లోపలి ఇసుక, సన్న కంకర పైకి తేలి చాలా అందంగా వచ్చింది. అంతా అయ్యాక మేస్త్రీ చూసి, "బాగుంది సార్, పైన రాయి ఎప్పుడు పరుస్తారు?" అని అడిగాడు.

పూత వేయకముందే ఒక తమాషా జరిగింది. మిగిలిన కాంక్రీటుతో పలక ఒకటి పోసి మచ్చల పరీక్షకని పక్కన పెట్టాం. మా అత్తయ్య దాని మీద తడి పసుపు ఒక చిటికెడు పెట్టింది. చూస్తుండగానే ఎర్రబడింది, అచ్చం దిష్టి నీళ్ళ రంగు. "సున్నం తగిలితే పసుపు ఎర్రబడదా మరి?" అంది, ఇందులో వింతేముంది అన్నట్టు. నిజమే. పసుపులో ఉండే కర్‌క్యుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. క్షారం ఎంతుందో చెప్పే పీహెచ్ అంకె కొత్త కాంక్రీటులో 12 దాటి ఉంటుంది, దాని నిండా సున్నమే. నేను ఇంజనీర్లకు ఫోన్లు చేసి తెలుసుకుంటున్న సంగతిని ఆవిడ చిటికెడు పసుపుతో తేల్చేసింది.

ఆ పలకను ఎండ పడే కిటికీ దగ్గర వదిలేశాం. కొద్ది రోజులకు ఆ ఎరుపు వెలిసిపోయింది, మళ్ళీ చూస్తే చోటు కూడా కనబడలేదు. పసుపు మరకకు ఎండ తగిలితే విరుగుతుందని బట్టలు ఉతికేవాళ్ళందరికీ తెలుసు, గట్టుకూ అదే వర్తిస్తుందని నాకు తట్టలేదు. ఈ మూడేళ్ళలో ఈ గట్టు నాకిచ్చిన అతి పెద్ద సంతోషం ఇదే. మా గట్టు తూర్పు కిటికీ కింద ఉంది. కూరలు కలిపేటప్పుడు పడే పసుపు మరకలను నేను రుద్దను. ఎండకు వదిలేస్తాను. కిటికీ లేని వంటగదిలో మాత్రం ఈ మాట నమ్మి కూర్చోకండి.

ఇక పూత సంగతి. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే సున్నం, కూడా పుడుతుంది. పులుపు ఏదైనా ఆమ్లమే. నిమ్మలో సిట్రిక్, చింతపండులో టార్టారిక్. ఆమ్లం తగిలిన చోట సున్నం కరుగుతుంది, పైన ఉన్న సన్నటి సిమెంటు పొర పోయి ఇసుక బయటపడుతుంది. దాన్ని మరక అనకూడదు, అది గాయం. తుడిస్తే పోదు. కడప రాయి గట్టు వాడినవాళ్ళకు ఇది కొత్త కాదు, అది సున్నపురాయి జాతే. నిమ్మచెక్క పెట్టిన చోట తెల్లగా, మెరుపు లేకుండా గుండ్రాలు పడేవి గుర్తుందా? గ్రానైటు అలా కాదు. చీమకుర్తి నల్ల గ్రానైటు మీద నిమ్మకాయ పిండి మర్చిపోయినా దానికేం పట్టదు.

అందుకే కాంక్రీటుకు పూత తప్పదు. అందులో రెండు జాతులు. లోపలికి ఇంకేవి ఒకటి, సిలేన్, సిలాక్సేన్ అని డబ్బా మీద ఉంటుంది. నీళ్ళను ఆపుతాయి, చూపు మారదు, వేడికి ఏమీ కాదు. కానీ పులుపును ఆపలేవు. రెండోది పైన పొరలా నిలిచేది: యాక్రిలిక్, ఎపాక్సీ, పాలీయురెథేన్. పులుపును ఆపగలిగేవి ఇవే, కాకపోతే వేడికో గీతలకో లొంగుతాయి. దుకాణంలో నాకు అంటగట్టింది నీటిలో కలిపే యాక్రిలిక్. "వంటింటికి ఇదే సార్, మరక అన్న మాటే ఉండదు" అన్నాడు. డబ్బా మీదా అదే రాసి ఉంది.

కొన్ని నెలలు నిజంగానే ఉండలేదు. మొదట కుక్కరు దించిన చోట తెల్లటి గుండ్రం వచ్చింది. వేడికి పూత మెత్తబడి ఉబ్బిందన్నమాట. అత్తయ్య అటక మీది పాత కుదుర్లు దింపించింది, కుక్కరు వాటి మీద కూర్చోవడం మొదలైంది. ఆ గుండ్రాన్ని ఎవరం పట్టించుకోలేదు.

ఆ సంక్రాంతికి ముందు చింతకాయలు తెప్పించాం. ఉప్పు, పసుపు వేసి తొక్కి, జాడీలోకి ఎత్తే ముందు పెద్ద స్టీలు బేసిన్‌లో ఉంచారు. దాని అంచు మీంచి పులుసు కారి అడుగున చేరింది. రాత్రంతా బేసిన్ గట్టు మీదే ఉంది, సరిగ్గా ఆ పాత కుక్కరు గుండ్రం మీద. తెల్లారి జాడీకి ఎత్తి బేసిన్ తీస్తే కింద పసుపచ్చని వలయం. మా ఆవిడ సబ్బు నీళ్ళతో తుడిచింది. వలయం ఎర్రబడింది! సబ్బు కూడా క్షారమే కదా. ఇంట్లో అందరం కంగారుపడి, ఆ ఎరుపు ఎలా పోతుందా అన్న టెన్షన్‌లోనే ఆ పూటంతా గడిపాం. ఎరుపు దాని దారిన అదే పోయింది, కిటికీ ఎండ చూసుకుంది. రంగు పోయాక చేత్తో తడిమితే అసలు సంగతి తెలిసింది. వలయం మేర గరుకు. గోరు పెడితే ఇసుక రేణువు తగులుతోంది. ఉబ్బిన పూతకు కంటికి కనిపించని చీలికలు పడి ఉన్నాయి, వాటిలోంచి చింతకాయ పులుసు దిగి రాత్రంతా సున్నాన్ని తిన్నది.

పూత అమ్మిన వాళ్ళకు ఫోన్ చేశాను. మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఏం పడింది సార్ దాని మీద?"

"చింతకాయ."

"వెనిగర్‌కు టెస్ట్ అయింది సార్ మా ప్రోడక్టు. చింతకాయకు చేయలేదు."

గుంటూరులో వంటింటి పూత అమ్ముతూ చింతకాయకు టెస్ట్ చేయలేదట. వారంటీ కాగితం తీయించి చూస్తే "సాధారణ గృహ వినియోగం" అని ఉంది. జనవరిలో చింతకాయ తొక్కడం ఈ జిల్లాలో సాధారణం కాకపోతే మరేది సాధారణమో నాకు అర్థం కాలేదు. ఆ మాటే అడిగాను. మేనేజరుకు చెప్పి మళ్ళీ ఫోన్ చేయిస్తానన్నాడు. మేనేజరును నేనే సార్ అని అంతకు ముందు చెప్పింది ఆయనే.

మరమ్మతు విషయంలో కాంక్రీటుకు మార్కులు వేయాలి. పాత పాలిషు కుర్రాడే వచ్చి, గట్టంతా పూత గీకేసి, 200 నంబరు ప్యాడ్ నుంచి మళ్ళీ రుద్దాడు. గుంటలు పడ్డ చోట సిమెంటు ముద్ద అద్దాడు. రంగు పూర్తిగా కలవలేదు, తెలిసినవాళ్ళకు కనిపిస్తుంది, చుట్టాలకు కనిపించదు. వంటగది మూడు రోజులు మూతబడింది. రుద్దేటప్పుడు కారిన బూడిద రంగు నీళ్ళు అలమరల్లోకి కూడా వెళ్ళాయి, దాని గురించి ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు.

ఆ తర్వాత రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురెథేన్ వేయించాను. ఎపాక్సీ గట్టిదే కానీ ఎండ తగిలితే పచ్చబడుతుంది, మాది తూర్పు కిటికీ కాబట్టి వద్దన్నాను. ఈ పూత మీద తర్వాతి ఏళ్ళ చింతకాయలూ వచ్చాయి, ఆవకాయ సీజన్లూ గడిచాయి. ఇప్పటికి పులుపు దిగలేదు. కానీ స్టవ్వుకు కుడి పక్కన, కూరలు తరిగే చోట, సన్నటి గీతలు మొదలయ్యాయి. చెక్క పలక మీదే తరుగుతాం, అయినా పలక కింద ఇసుక రేణువు ఒక్కటి చాలు. ఈ గీతలు ఎంత లోతుకు వెళ్ళాక మళ్ళీ పూత వేయించాలో ఎవరూ తేల్చి చెప్పడం లేదు. అందుకని మా ఇంట్లో ఇప్పుడొక అలవాటు పాతుకుపోయింది. నిమ్మకాయ కోస్తే పళ్ళెంలో, చింతపండు నానబెడితే గిన్నె కింద ఇంకో పళ్ళెం, రాత్రి పడుకునే ముందు గట్టంతా పొడి గుడ్డతో ఒక తుడుపు. ఇది గట్టు మనకు సేవ చేయడమా, మనం గట్టుకు చేయడమా అని మా ఆవిడ అడుగుతుంది.

అతుకు లేదని మొదట్లో అంత చెప్పుకున్నాను కదా, ఇప్పుడు సింకు మూల నుంచి వెంట్రుకంత గీత ఒకటి బయల్దేరింది. సింకు కోసం వదిలిన చదరపు ఖాళీ మూలల్లోనే కాంక్రీటు ముడుచుకునేటప్పుడు లాగుడు ఎక్కువ పడుతుంది. అక్కడ అడ్డంగా కడ్డీలు వేయించాం, గోనె పట్టాలు కప్పి వారం పైనే తడిపాం, అయినా వచ్చింది. నీళ్ళు దిగడం లేదు, పెరగడమూ లేదు. దాని గురించి నాకు బాధ లేదు, "ఒకే పలక" అని గొప్పగా చెప్పడం మాత్రం మానేశాను.

చవక అన్న మాటా అంతే. సిమెంటు, ఇసుక, కడ్డీల ఖర్చు చూస్తే నిజంగా చవకే. పాలిషు కూలీ, రెండుసార్లు పూత కలిపితే ఊళ్ళో దొరికే మామూలు గ్రానైటును దాటిపోయింది. ఖరీదైన గెలాక్సీ గ్రానైటు అంత కాలేదు, అంతే తేడా.

మరి వేయించుకోమంటారా అని అడిగేవాళ్ళకు నేను ఎదురు ప్రశ్న వేస్తున్నాను: మీ ఇంట్లో పచ్చళ్ళు పెడతారా, కొనుక్కుంటారా? కొనుక్కునేవాళ్ళయితే, ఎండ తగిలే కిటికీ ఉంటే, పాలిషు పని తెలిసిన కుర్రాడు దగ్గర్లో ఉంటే, ఈ గట్టు బాగానే ఉంటుంది. అద్దె ఇంటికి మాత్రం వద్దు, రేపు వచ్చేవాళ్ళకు ఈ నియమాలన్నీ ఎవరు చెబుతారు? పూత ఏదైనా కొనే ముందు చిన్న పలక పోసి, మీ ఇంట్లో చేసుకునే పచ్చడి దాని మీద ఒక రాత్రి ఉంచి చూడండి. డబ్బా మీద రాసింది నమ్మొద్దు.

ఇప్పుడు పై అంతస్తులో తమ్ముడి వాటా కడుతున్నాం. స్టవ్వు వైపు గ్రానైటే అని మరదలు తేల్చేసింది, నాకూ అభ్యంతరం లేదు. సింకు పక్క మూడడుగులు, ఆ గాళ్ళు తీసిన చోటు వరకు, కాంక్రీటులో పోయిద్దామని అడుగుతున్నాను. ఇంకా ఒప్పుకోలేదు.