మిస్టర్ బంగిల్ 'కాలిఫోర్నియా': పిచ్చోళ్ళు సూటేసుకుని వచ్చారు

అమెరికన్ రాక్ బ్యాండ్ మిస్టర్ బంగిల్ పాత ఆల్బమ్స్ ఎవరికైనా వినమని చెప్పాలంటే నాకే భయం. 1991లో వచ్చిన ఫస్ట్ దాంట్లో సర్కస్ మ్యూజిక్, ఫంక్, మెటల్, బూతులు అన్నీ ఒకే గంగాళంలో వేసి కలిపేశారు, 1995 డిస్కో వొలాంటే అయితే పాట ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో కూడా తెలీదు. అలాంటోళ్ళు 1999లో ఈ 'కాలిఫోర్నియా' ఆల్బమ్‌ని పది పాటలు, ముప్పావు గంట లోపు, వయొలిన్లు కోరస్‌లు పెట్టి ఇంత నున్నగా తీశారంటే మెత్తబడిపోయారేమో అని డౌట్ రావడం న్యాయమే.

మన బెంగళూరులో రాక్ అంటే 2011లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో చూసిన మెటాలికా దగ్గరే ఆగిపోయిన బ్యాచ్ ఒకటుంది కదా, మారతహళ్ళిలో మా రూమ్మేట్ ఆ టైపే, మొదటి పాట స్వీట్ ఛారిటీ పెట్టగానే ఏంట్రా ఈ హోటల్ లాబీ మ్యూజిక్ అన్నాడు. వాడన్నదీ కరెక్టే, సింగర్ మైక్ ప్యాటన్ అంత తియ్యగా పాడతాడు మరి. కానీ పింక్ సిగరెట్ ఆఖరిదాకా వినండి. పాతకాలం ప్రేమ పాటలా హాయిగా పోతూ పోతూ ఇంకా ఇన్ని గంటలే ఉంది అని లెక్క తగ్గిస్తూ పాడుతుంటాడు, మధ్యలో ఆస్పత్రి మానిటర్ బీప్ దూరుతుంది, చివరికి మాట పూర్తవకుండానే కట్. అంటే పిచ్చి ఎక్కడికీ పోలేదు, అరవడం మానేసి అరేంజ్‌మెంట్‌లో దాక్కుంది అంతే.

ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ కోసం చెవులు రిక్కించే బ్యాచ్ అయితే రెట్రోవర్టిగోతో మొదలెట్టండి, బేసిస్ట్ ట్రెవర్ డన్ రాసిన పాట, గుసగుసలా మొదలై పోను పోను కొండంత అవుతుంది. ఆఖరి పాట గుడ్‌బై సోబర్ డేలో ఉన్నట్టుండి బాలి కెచక్ వస్తుంది, అదే అక్కడ రామాయణం ఆడేటప్పుడు వానర సేన వేషంలో మగాళ్ళు గుండ్రంగా కూర్చుని చక్ చక్ అంటారే అది, దాని మీద హెవీ గిటార్! మొదటిసారి నాకు ఒళ్ళు జలదరించింది. హోలీ ఫిలమెంట్ పాట మాత్రం సాగదీశారు, గోలెం పాట సరదాకి ఓకే.

టైమింగ్ కూడా కలిసిరాలేదు పాపం. నెల ముందే అదే వార్నర్ రికార్డు కంపెనీ నుంచి రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ బ్యాండ్ వాళ్ళ కాలిఫోర్నికేషన్ ఆల్బమ్ వచ్చి కోటికి పైగా అమ్ముడైంది, పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి గానీ ప్యాటన్‌కీ వాళ్ళ సింగర్ ఆంథొనీ కీడిస్‌కీ అప్పట్లో అస్సలు పడేది కాదు.

సిల్క్ బోర్డ్ జామ్‌లో క్యాబ్ స్పీకర్ మీద మాత్రం వినకండి, హారన్ల గోలలో సగం వాయిద్యాలు వినపడవు, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. నాకున్న పెద్ద కంప్లైంట్ ఆల్బమ్ మీద కాదు, వీళ్ళ మీదే. దీని తర్వాత ఇరవై ఏళ్ళు సైలెంట్, 2020లో తిరిగొచ్చి కూడా 1986 నాటి త్రాష్ (స్పీడ్ మెటల్ లాంటిది) డెమో టేపునే మళ్ళీ రికార్డ్ చేశారు. ఈ లైన్‌లో ఇంకొక్కటి తీసుంటే వాళ్ళ సొమ్మేం పోయేదో.