ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గ్రీకు–సిరిలిక్ గోడ చార్టు: కొనచ్చు, పక్కన మార్కర్ ఉంటే

ఆదివారం ఆబిడ్స్ పాత పుస్తకాల మధ్య గ్రీకు అక్షరాలనీ, వాటి ఎదురుగా తొలినాటి సిరిలిక్ (ఇవాళ రష్యన్ రాసే లిపి) అక్షరాలనీ చూపే చార్టు ఒకటి 120 రూపాయలకి దొరుకుతోంది. ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) రష్యన్ చదివేవాళ్లకి బాగా పనికొస్తుంది, కాకపోతే గోడకి తగిలించేముందు కొన్నిచోట్ల దిద్దుకోవాలి. లామినేషన్ మీద బాల్ పెన్ను పారదు, సీడీ మార్కర్ కావాలి. మెరుపు కూడా ఎక్కువే, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టకండి.

అసలు తప్పు రెండో వరసలో ఉంది. గ్రీకు బీటాని 'బ' అనుకుని, ఎదురుగా సిరిలిక్ 'బ' అక్షరం 'బూకీ' వేసేశారు. ఆ పలుకుబడి ప్లేటో కాలం నాటిది. సిరిలిక్ పుట్టే నాటికి, అంటే 9వ శతాబ్దం చివరికి, గ్రీకులు బీటాని 'వ' అనే పలుకుతున్నారు, మన బండి ఱ మామూలు ర అయిపోయినట్టే. అందుకే బీటా రూపం సిరిలిక్ 'వ' అయిన 'వేదీ'కి పోయింది, 'బ' కోసం బూకీని విడిగా చేర్చుకున్నారు. అప్పట్లో అక్షరాలనే అంకెలుగా కూడా వాడేవారు కాబట్టి, అనుమానముంటే చార్టులో అంకెల గడి చూడండి: బీటా 2, వేదీ 2, బూకీకి విలువే లేదు. ఆధారం చార్టులోనే ఉంది, అచ్చేసినవాళ్లే చూసుకోలేదు!

ఈటా దగ్గర మాత్రం తొందరపడి మార్కర్ తియ్యకండి. గ్రీకు ఈటా పలుకు అప్పటికే 'ఇ'గా మారి, సిరిలిక్ 'ఇ' అక్షరం 'ఇజే' అయింది, రెండిటి విలువా 8. పాత రాతలో ఇజే మధ్య గీత అడ్డంగా, 'న' అక్షరం 'నాష్' మధ్య గీత ఏటవాలుగా ఉండేవి. తర్వాత రెండూ తిరగబడ్డాయి. ఇవాళ్టి రష్యన్‌కి అలవాటైన కంటికి ఇది అచ్చుతప్పులా కనిపిస్తుంది గానీ, చార్టే కరెక్టు.

సిగ్మా దగ్గర మళ్లీ నిరాశే. కోణాల సిగ్మా పక్కన గుండ్రటి 'స్లోవో' (సిరిలిక్ 'స') వేస్తే చుట్టరికం ఎలా తెలుస్తుంది? అప్పటి గ్రీకు చేతిరాతలో సిగ్మా కూడా నెలవంకే. 'షా' ఎదుట గ్రీకు గడి ఖాళీగా వదలడం బాగుంది, గ్రీకులో ఆ ధ్వని లేదు మరి.

శీర్షికలో '863, సిరిల్ రాసిన లిపి' అని వేశారు. సిరిల్ అనే ఆ క్రైస్తవ ప్రచారకుడు తయారుచేసింది గ్లాగొలిటిక్ అనే వేరే స్లావ్ లిపి. ఆయన 869లోనే పోయాడు. పేరు ఆయనదే గానీ, సిరిలిక్ లిపి ఆ తర్వాత బల్గేరియాలో రూపుకట్టింది. అక్కడ దిద్దడానికి చోటు లేదు, పై అంచు అంగుళంన్నర కత్తిరించేయడమే నయం.