బోర్డు మీద ఇంగ్లీషు పేరుకి రాక్‌వెలా, క్లారెండనా?

కొత్తగా టిఫిన్ సెంటరో మెడికల్ షాపో పెట్టుకుంటున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. తెలుగు పేరుకి రామభద్ర ఫాంట్ ఖాయం చేసుకున్నాం, కింద ఇంగ్లీషుకి బోల్డ్ స్లాబ్ సెరిఫ్ (గీతల కొసల్లో సెరిఫ్ అనే మందపాటి అడ్డ పట్టీలుండే ఫాంట్) అనుకుంటున్నాం, రాక్‌వెల్ పెట్టమంటారా క్లారెండన్ పెట్టమంటారా అని.

దూరం నుంచి కనబడటంలో రెండూ రెండే. అక్కడ తేడా వెతకడం దండగ. రాక్‌వెల్‌ని మోనోటైప్ అనే ఫాంట్ల కంపెనీ 1934లో తెచ్చింది. గీతంతా దాదాపు ఒకే మందం, సెరిఫ్ లంబకోణంలో వచ్చి అతుక్కుంటుంది. క్లారెండన్ ఇంకా పాతది. లండన్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో రాబర్ట్ బెస్లీ కోసం బెంజమిన్ ఫాక్స్ చెక్కాడు, 1845లో. నిఘంటువుల్లో సన్నటి అక్షరాల నడుమ ఒక మాట ఎత్తి చూపడానికి వాడేవారు. అంటే వేరే అక్షరాల పక్కన ఇమడటం దానికి మొదటినుంచీ అలవాటే.

నా లెక్కలో తేల్చేది సరిగ్గా అదే. హైదరాబాద్‌లో బోర్డు మీద ఇంగ్లీషు ఒంటరిగా ఉండదు. పైన తెలుగు ఉంటుంది, పాతబస్తీకి వెళ్తే పక్కన ఉర్దూ కూడా. తెలుగు అంతా వంపులూ సుడులూ. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలి సరేసరి, వాలుగా జారుతూ పోతుంది. వీటి పక్కన రాక్‌వెల్ లంబకోణాలు వేరే బోర్డు నుంచి ఊడదీసి బిగించినట్టు ఉంటాయి. క్లారెండన్‌లో సెరిఫ్ నిలువు గీతలోకి వంపు తిరిగి కలుస్తుంది, గీతలో మందం సన్నం తేడా ఉంటుంది, చిన్న బడి ‘ఎ’, ‘సి’, ‘ఆర్’ కొసల్లో గుండ్రటి బొట్లు ఉంటాయి. మన ‘ల’, ‘ళ’ల కింద ఆ బొట్లు పెట్టి చూడండి, కన్ను తడబడకుండా పై లైనునుంచి కింది లైనుకి దిగుతుంది.

‘టిఫిన్స్’ అని ఇంగ్లీషులో రాసినప్పుడు మాత్రం రెండింటికీ ఒకటే ఇబ్బంది. రెండు ‘ఎఫ్’లు, ‘ఐ’, ‘ఎన్’ వరసగా నిలువు గీతలే. బోల్డ్‌లో దగ్గరగా పేరిస్తే కింది సెరిఫ్‌లన్నీ కలిసి ఒకే పట్టీ అయిపోతాయి. అక్షరాల మధ్య జాగా పెంచమని డిజైనర్‌కి గట్టిగా చెప్పండి. లోపల ఎల్‌ఈడీ పెట్టిస్తుంటే ఇంకాస్త పెంచాలి, రాత్రి వెలుగు పాకి పక్కపక్క అక్షరాలు కలిసిపోయినట్టు కనబడతాయి, ఇంగ్లీషు చిన్న బడి ‘ఇ’ లోపలి ఖాళీ కూడా మూసుకుపోతుంది.

రాక్‌వెల్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. పేరు పొట్టిదై, అన్నీ పెద్ద బడి అక్షరాలైతే అది దర్జాగా నిలబడుతుంది. స్టీలు అక్షరాలు చేయిస్తుంటే రేకు తిన్నగా వంచితే చాలు, క్లారెండన్ వంపులకి పని ఎక్కువ. పైగా రాక్‌వెల్ ఎంఎస్ ఆఫీస్‌తోనే వస్తుంది. క్లారెండన్ కొనుక్కోవాలి. ఖర్చు వద్దనుకుంటే అదే వరసలో చేసిన బెస్లీ అనే ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, నేను ఎక్కువగా దాన్నే సూచిస్తాను.

ఇదే రకం ఫాంట్లలో రోబోటో స్లాబ్ మెనూ కార్డుకి బాగానే ఉంటుంది. ఆల్ఫా స్లాబ్ వన్ మరీ లావు, పైగా ఒకే మందంలో దొరుకుతుంది.

ఏది ఎంచుకున్నా ఇంగ్లీషు లైనుని తెలుగుకి అంటించొద్దు. పేరులో ‘లక్ష్మి’ ఉంటే ఒత్తులు కిందికి దిగుతాయి, వాటికి చోటు వదిలాకే ఇంగ్లీషు కొలత తీసుకోమనండి.